మిద్దెపైన వేసవి

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. మా డోన్‌లో పోయేటప్పుడు అది వెనక్కి తిరిగి కూడా చూడదు. మర్నాటి నుంచే గోడలు కాగడం మొదలు. మార్చి సగానికి ఒంటిపూట బడులు, ఏప్రిల్‌లో వడగాలి, మే నెలాఖరుకు రోహిణి కార్తె. రోహిణిలో రోళ్ళు పగులుతాయని తెలుగువాళ్ళంతా చెప్పుకునేదే, కానీ మా వీధిలో ఒక రోలు నిజంగానే పగిలింది. అది పాత రోలనీ, అంచు ముందే బీటవారి ఉందనీ పెద్దవాళ్ళు ఎంత చెప్పినా మేం పిల్లలం నమ్మలేదు. పక్క వీధి పిల్లల్ని పిలుచుకొచ్చి మరీ చూపించేవాళ్ళం.

ఊరి చుట్టూ ఉన్నదంతా రాయే. బేతంచెర్ల వైపు పోతే నాపబండల గనులు, వాటిని దాటితే సున్నపురాయి, బలపంరాయి, ఆ పక్కనే ఎర్రమల కొండలు. తుంగభద్ర కర్నూలును ఒరుసుకుని పోతుంది. కె.సి. కాలువ నంద్యాల మీదుగా కడపకు పోతుంది. రెండూ మా వైపు తిరిగినవి కావు. ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఏడాది మొత్తానికి కురిసే వాన సగటున 670 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే. ఇలాంటి చోట మనుషులు వందల ఏళ్ళు బతికారంటే ఎండతో ఎట్లా మెలగాలో వాళ్ళకు తెలిసే ఉండాలి. ఆ తెలివిని నేను 1980లలో, నా చిన్నతనంలో, కళ్ళారా చూశాను. ఇప్పుడు అది మా ఊళ్ళో దాదాపు లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఎండ మాకు బాధే, కానీ దాన్ని ఇంకో ఊరికి వదులుకోవడానికి ఎవరూ ఒప్పుకునేవాళ్ళు కాదు. ఈ పంచాయితీ ఎక్కువగా రైల్వే స్టేషన్లో జరిగేది. డోన్ జంక్షన్. గుంటూరు వైపు నుంచి, గుంతకల్లు వైపు నుంచి, సికింద్రాబాదు నుంచి మీటరుగేజి బండ్లు వచ్చి కలిసేవి. పాతకాలం రైల్వేవాళ్ళు ఇప్పటికీ ద్రోణాచలం అనే అంటారు. బండి మారడానికి దిగిన కోస్తావాళ్ళు వేపచెట్టు కింద తువ్వాలుతో విసురుకుంటూ కూర్చునేవాళ్ళు. మా ఊరాయన ఒకరు పలకరించేవాడు.

"ఏ ఊరప్పా మీది?"

"బెజవాడండి. మా ఊళ్ళో మొన్న 44 డిగ్రీలు వచ్చిందండి."

"వస్తే వచ్చిందిలే. చెమట పట్టిందా లేదా?"

"పట్టకేం? బట్టలు పిండుకున్నామండి."

"అయితే అది ఎండే కాదు పో. కనపడే చెమట ఒక చెమటా? మా ఊళ్ళో చెమట పట్టిందని తెలిసేలోపలే ఆరిపోతాది. అంగీ మీద ఉప్పుచారలు మాత్రం ఉంటాయి."

బెజవాడాయన తమ ఉక్కపోతే గొప్పదని వాదించేవాడు. ఈ వాదం బండి కూత వేసేదాకా తేలేది కాదు. మీటరుగేజి బండి ఆలస్యంగానే వచ్చేది కాబట్టి వాదానికి తీరిక చాలా ఉండేది.

మా ఊరాయన మాటలో నిజం ఉంది. మాది పొడి ఎండ. గాలిలో తేమ తక్కువ గనుక తడి దేన్నయినా చప్పున ఆర్చేస్తుంది, ఆరేటప్పుడు చల్లదనం ఇస్తుంది. మా ఊరి వేసవి బతుకంతా ఈ ఒక్క సూత్రం మీద నడిచింది. సూత్రమని ఎవరూ అనలేదు, అంతే. కుండ సంగతే చూడండి. శివరాత్రి దాటగానే మా అమ్మ కొత్త కుండ కొనేది. వేలి కణుపుతో కొట్టి మోత వినేది, నోట్లోకి తొంగి చూసేది, అడుగున అరచేయి పెట్టి బరువు చూసేది. కుండ ఖంగుమనాలి, కానీ నీళ్ళు పోసి పెడితే పూటలోపల బయటంతా చెమ్మగిల్లాలి. చెమ్మ రాని కుండ ఎంత అందంగా ఉన్నా మా ఇంట్లోకి రాలేదు. గూట్లో ఇసుక పోసి, ఇసుక తడిపి, దానిమీద కుండ పెట్టి, చుట్టూ తడి గోనెపట్ట చుట్టేది. మధ్యాహ్నం రెండింటికి, బయట గాలి ముఖాన్ని కాల్చే వేళ, ఆ నీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమనేవి. పోయినేటి కుండలో నీళ్ళు పోస్తే ఆ చలవ రాదు. సన్న రంధ్రాలు పూడుకుపోతాయి. అందుకని పాత కుండ బెల్లానికో, చింతపండుకో పోయేది. ఏటేటా కొత్త కుండ కొనడం మాకు దుబారా కాదు, కుమ్మరివాళ్ళ ఏడాది బతుకులో అదొక పెద్ద భాగం.

పొద్దును కూడా మేం వేరే పద్ధతిలో పంచుకునేవాళ్ళం. తాపీ పనివాళ్ళు, గనుల్లో పనిచేసేవాళ్ళు తెల్లారకముందే బయల్దేరి పదకొండు లోపల పని ముగించేవాళ్ళు. కూరగాయల బేరాలు కూడా ఆ లోపలే. పొద్దున్నే హోటల్లో ఉగ్గాని, దానితో మిరపకాయ బజ్జి. ఇంత ఎండలో ఇంత కారమా అని బయటివాళ్ళు నోరు తెరిచేవాళ్ళు. కారం తింటే ఒళ్ళంతా చెమట పడుతుంది, మా గాలిలో చెమట పడితే చల్లబడుతుంది. మధ్యాహ్నానికి జొన్నరొట్టో, కొర్రసంగటో, ఊరిబిండి, పైన చెంబెడు మజ్జిగ. ఆ తర్వాత మూడు నాలుగు గంటల పాటు వీధిలో కుక్క కూడా కనపడేది కాదు.

ఆ గంటలు మిద్దె లోపల గడిచేవి. గోడలు మూరకు పైగా మందం, రాయీ మట్టీ. పైకప్పుకు దూలాలు, వాటిమీద దంతెలు, కంప, ఆపైన జానెడు పైచిలుకు మట్టి. తలుపులేస్తే లోపల చీకటి, చల్లదనం. వెలుతురు వచ్చేది పైకప్పులో ఉన్న గవాక్షి నుంచే. ఆ బిలంలోంచి ఎండబిళ్ళ ఒకటి బండల మీద పడి కొంచెం కొంచెంగా జరిగేది. అదే మా అవ్వకు గడియారం. ఎండబిళ్ళ తిరగలి దాటి గరిసె మొదలును తాకేదాకా మాకు బయటికి పోయే అనుమతి లేదు.

"పొద్దు తిరగనీరా అబ్బీ. గరిసెకాడికి రానీ, అప్పుడు పోదువు."

మేం ఎండబిళ్ళ చుట్టూ కూర్చుని అది జరుగుతుందా లేదా అని తదేకంగా చూసేవాళ్ళం. అట్లా చూస్తున్నంతసేపూ అది కదిలేది కాదు. ఒకసారి మా చిన్నాయన కొడుకు గరిసెనే జరపొచ్చు కదా అన్నాడు. నిండు జొన్నల గరిసె అది, పది మంది పెద్దవాళ్ళకు కూడా కదలదు. అయినా ఇద్దరం కలిసి కాసేపు నెట్టాం. మా అవ్వ కళ్ళు తెరవకుండానే, "ఇంగా నెట్టండి, రాత్రికి ఆకలన్నా అయితాది" అంది.

పొద్దు వాలగానే బజారు మళ్ళీ లేచేది. అప్పుడు నన్నారి. మా సీమలో పుట్టినవాళ్ళకు దీని గురించి చెప్పనక్కర్లేదు, మిగతావాళ్ళకు చెప్పకుండా ఉండలేను. సుగంధిపాల వేరు. ఎర్రమల, నల్లమల కొండల్లో రాళ్ళ సందుల్లో తీగగా పాకుతుంది. వేరు సన్నగా, పైన ముదురు గోధుమరంగులో ఉంటుంది. తవ్వి తెచ్చి, కడిగి, రాతిమీద కొట్టి లోపలి పుల్ల తీసేస్తారు. వాసనంతా పైబెరడులోనే. ఆ బెరడును నానబెట్టి మరిగించి, కషాయం వడగట్టి, చక్కెర వేసి పాకం కాస్తారు. మా బజారులో సోడాబండి సాయిబు ఆ పాకాన్ని పొడుగు గాజు గ్లాసులో రెండు వేళ్ళ మందం పోసి, నిమ్మకాయ పిండి, నానిన సబ్జాగింజలు ఒక చెంచా వేసి, గోలీసోడా బొటనవేలితో నొక్కి కొట్టేవాడు. రంపపు పొట్టులో దాచిన ఐసుగడ్డ మీద గోనె తీసి, మేకుతో నాలుగు పెళ్ళలు రాల్చేవాడు. గ్లాసు చేతికి రాగానే తాగకూడదు. ముందు వాసన చూడాలి. వాన పడ్డ మట్టికీ, కర్పూరానికీ మధ్య ఎక్కడో ఉంటుంది ఆ వాసన. ఇప్పుడు సీసాల్లో అమ్మే నన్నారిలో రంగు ఉంది, తీపి ఉంది. వేరు మాత్రం ఎంత ఉందో నాకు అనుమానమే.

1986లో రంజాన్ నెల సరిగ్గా మే రెండోవారంలో మొదలైంది. ఆ సాయిబు ఉపవాసం ఉండి పగలంతా షర్బత్ కలిపి మాకు ఇచ్చేవాడు, తాను గుక్కెడు నీళ్ళు ముట్టేవాడు కాదు. మా నాయన చూడలేక ఆ నెలంతా ఆ బండి దగ్గర పగలు తాగడం మానేశాడు. "మగ్రిబ్ అయినాంక ఇద్దరం కలిసి తాగుదాంలే అన్నా" అనేవాడు. అలాగే తాగేవాళ్ళు కూడా.

డబ్బులు లేనివాళ్ళకు చలివేంద్రం ఉండేది. బస్టాండు దగ్గర, స్టేషన్ బయట, సంతకు వచ్చే దారుల్లో తాటాకు పందిరి, కింద ఇసుకలో పాతిన పెద్ద బానలు, ఒక ముసలామె. చేతులు దోసిలి పడితే పైనుంచి సన్నటి ధార పోసేది. పరుగెత్తి వచ్చినవాళ్ళకు వెంటనే పోసేది కాదు. "కూసో నాయనా, ఆయాసం తీరనీ" అని ఒక నిమిషం ఆపేది. మా ప్రాంతంలో ఈ ఆచారం ఎంత పాతదో తెలుసుకోవాలంటే గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి దగ్గర ఆగాలి. అక్కడి బండల మీద క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో అశోకుడు చెక్కించిన శాసనాలు ఉన్నాయి. మనుషులకూ పశువులకూ పనికొచ్చేలా దారుల పొడుగునా చెట్లు నాటించడం, బావులు తవ్వించడం గురించిన శాసనం వాటిలో ఒకటి. ఆ మాట చెక్కడానికి ఇంతకంటే తగిన ఎండ దేశంలో ఎక్కడ దొరుకుతుందో నాకు తెలియదు.

ఇక మిద్దెపైన రాత్రి. నా వేసవి మొత్తం అక్కడే ఉంది.

పొద్దు కుంకాక బిందెలతో నీళ్ళు పైకి మోసి మిద్దెంతా చల్లడం పిల్లల పని. మొదటి చెంబు పడగానే బుస్సుమని ఆవిరి లేచేది. ఇందులో ఒక న్యాయం ఉండేది. మా వీధిలో ఉన్నవాళ్ళు బేతంచెర్ల బండలు పరిచిన మిద్దెలు కట్టుకున్నారు. లేనివాళ్ళవి ఉత్త మట్టిమిద్దెలు. బండ పగలంతా కాగి నడిరాత్రి దాకా వేడి వదలదు. ఎన్ని బిందెలు కుమ్మరించినా ఆవిరే. మట్టిమిద్దెకు నాలుగు చెంబులు చల్లితే గంటలో చల్లబడేది. కాబట్టి రాత్రి తొమ్మిదికి బండలమిద్దెవాళ్ళు పక్కచుట్టలు చంకన పెట్టుకుని పిట్టగోడ దాటి మట్టిమిద్దెల మీదికి వచ్చేవాళ్ళు. పగలు గడప బయట నిలబెట్టి మాట్లాడిన మనిషి ఇంటిపైన రాత్రి చాప పరుచుకోవడానికి, "కొంచెం జాగా ఉందా పెద్దమ్మా?" అని అడగాలి. ఆమె ఇచ్చేది. ఇస్తూ ఇస్తూ పగటి మాట ఒకటి గుర్తు చేసేది కూడా.

మిద్దెలన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. కిందికి దిగకుండా వీధి ఈ కొస నుంచి ఆ కొసకు నడవొచ్చు. ఎవరి రేడియోలోనో కడప కేంద్రం వార్తలు మొదలైతే మిగతావాళ్ళు తమ రేడియోలు కట్టేసేవాళ్ళు, బ్యాటరీలు మిగులుతాయి కదా. సంబంధాలు కుదరడం, బాకీల లెక్కలు, బోరులో ఎన్ని అడుగులకు నీళ్ళు పడ్డాయన్న కబురు, అన్నీ పైనే. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఆఫీసులు డేరాల్లో నడిచాయి కదా. కోస్తా నుంచి వచ్చిన గుమాస్తాలు ఆ డేరాల్లో మొదటి వేసవి ఎట్లా గడిపారో మా అబ్బ కథ చెప్పేవాడు. కాగితాల మీద సిరా ఆరబెట్టే అద్దుడు కాగితం అవసరమే రాలేదట. ఆయన కథల్లో ఎంత నిజమో తేల్చుకోవాలని మాకెప్పుడూ అనిపించలేదు.

అప్పుడప్పుడు నడిరాత్రి వాన వచ్చేది. మొదట దుమ్ముగాలి, తర్వాత ముఖం మీద రూపాయంత చినుకు. ఎవరో "వానా!" అని కేక వేసేవాళ్ళు. అంతే, వీధి వీధంతా ఒక్కసారి లేచి చాపలు, బొంతలు, దిండ్లు, నిద్రపోతున్న పిల్లలు, ఏది చేతికందితే అది ఎత్తుకుని మెట్లకేసి పరుగు. చీకట్లో ఎవరి పిల్లలు ఎవరికి దొరికారో చూసుకునే తీరిక ఉండదు. ఒకసారి మా అమ్మ నన్ననుకుని పక్కింటి పిల్లోణ్ణి చంకనేసుకుని దిగింది, నేను వాళ్ళింట్లో తెల్లారి లేచాను. ఇంకొకరు గవాక్షి మీద బండ మూయడానికి మళ్ళీ పైకి పరుగెత్తాలి, లేకపోతే ఇంట్లో వాన. ఇంత హడావుడీ అయ్యాక చాలాసార్లు వాన ఐదు నిమిషాల్లో ఆగిపోయేది. అప్పుడు మళ్ళీ అందరం పక్కలు మోసుకుంటూ పైకి. తడిసిన మట్టిమిద్దె మీద ఆ మిగిలిన రాత్రి పట్టే నిద్ర నాకు తర్వాత ఏ ఊళ్ళోనూ, ఏ మంచం మీదా దొరకలేదు.

ఇదంతా బంగారుకాలం అని నేను అనను. మిద్దెమీద చల్లిన ప్రతి బిందె నీళ్ళూ ఎవరో ఆడమనిషి బోరింగు కొట్టి తెచ్చినవి. కరువేళ్ళల్లో ఒక బిందె కోసం తెల్లవారుజామున మూడింటికి వరస కట్టిన చేతులు నాకు గుర్తున్నాయి. వాన రాకపోతే కప్పను రోకలికి కట్టి, వేపాకు చుట్టి, ఇల్లిల్లూ తిప్పి నీళ్ళు పోయించుకునేవాళ్ళం. గుడిలో విరాటపర్వం చదివించేవాళ్ళు. పిల్లలకది ఆట. చదివించే పెద్దవాళ్ళ ముఖాలు చూస్తే మాత్రం అది ఆట కాదని తెలిసేది.

1990లలో మీటరుగేజి పోయి బ్రాడ్‌గేజి వచ్చింది. బండి మారడానికి గంటలు కూర్చునే అవసరం తగ్గింది. అదే రోజుల్లో మిద్దెలు పడగొట్టి సిమెంటు శ్లాబులు వేయడం మొదలైంది. శ్లాబు బండలమిద్దె కంటే మొండిది, తెల్లారిందాకా వేడి దిగదు. దానికి విరుగుడుగా రేకు కూలరు, ఆ తర్వాత ఏసీ వచ్చాయి. చల్లదనం వచ్చింది, దాంతోపాటు తలుపు మూసుకోవడమూ వచ్చింది. అంతకుముందు ఎండ వీధి మొత్తానికి ఉమ్మడి కష్టం, చలవ కూడా ఉమ్మడిదే. ఇప్పుడు ఎవరి చలవ వాళ్ళ గదిలో. కొనలేనివాడికి శ్లాబు వేడి మాత్రం మిగిలింది, మట్టిమిద్దె పోయింది. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది కూలీలు, ముసలివాళ్ళు. ఆ వార్తలు చదువుతుంటే నాకు గరిసె పక్కన ఎండబిళ్ళే గుర్తొచ్చింది. పొద్దు తిరిగిందాకా బయటికి పోవద్దని చెప్పే అధికారం మా అవ్వకు ఉండేది, ఆ మాట వినే వీలు ఊరి పనులకూ ఉండేది. పదకొండుకే పని ముగించే ఆ పాత పద్ధతిని కంట్రాక్టర్లందరి చేతా ఇప్పుడు చట్టంగా పాటింపజేయాలని నా గట్టి అభిప్రాయం. చలివేంద్రాలు ఇప్పటికీ పెడుతున్నారు, సంతోషం. ప్లాస్టిక్ డబ్బాలు ఎండలో పెట్టకుండా కుండలే పెడితే ఇంకా సంతోషం.

మట్టిమిద్దె ఉన్నట్టుండి పడిపోయేది కాదు. ఏటా తొలకరికి ముందు గాడిదల మీద చౌడుమట్టి తెచ్చి, మిద్దెంతా పరిచి, అదిమి, వాటం సరిచేసి దోనెల దగ్గర మూసేవాళ్ళు. చౌడు వానకు తడిస్తే జిగటపడి నీటిని కిందికి దిగనివ్వదు. ఒక్క ఏడు మానేస్తే కారుతుంది, మూడేళ్ళు మానేస్తే దూలం పుచ్చుతుంది. గాడిదలు పెట్టుకున్న ఇళ్ళవాళ్ళు వేరే పనులకు పోయారు. చౌడు తవ్వే చేను ఇప్పుడు ప్లాట్లు అయింది. అక్కడ వరసగా ఇళ్ళు, ప్రతి ఇంటిపైనా నల్ల నీళ్ళట్యాంకు.

ఆ ఇళ్ళల్లో ఒకదానికి పోయిన మే నెలలో వెళ్ళాను. మధ్యాహ్నం చేతులు కడుక్కుందామని కొళాయి తిప్పితే చేయి కాలింది. ఆ ఇంటి కోడలు నవ్వి, "అది సాయంత్రం దాకా ముట్టుకోకండి మామా" అని స్నానాలగదిలో నీడన పెట్టిన రెండు బక్కెట్లు చూపించింది. తెల్లవారుజామున ట్యాంకు చల్లగా ఉన్నప్పుడే పట్టి, పైన తడిగుడ్డ కప్పి పెడుతుందట. గుడ్డ ఎందుకమ్మా అని అడిగాను.

"కప్పితే చల్లగుంటాయి మామా. ఎవరూ చెప్పలేదు, నేనే చూసినా."

చేతులు కడుక్కున్నాను. నీళ్ళు బాగా చల్లగా ఉన్నాయి.